ముందు మామయ్య

మా బావ ఎక్కడికి వెళ్ళినా అక్కడ ఆయన తప్ప మరో మనిషి ఉండడు. మనుషులంటే గిట్టక కాదు. మిగతావాళ్ళు ఇంకా పళ్ళు తోముకుంటూ ఉండగానే ఆయన చేరిపోతాడు గనక. ఆలస్యంగా రావడం లోకంలో సగం మందికి ఉన్న జబ్బే. ముందుగా రావడం ఇంతగా ముదిరిన కేసును మాత్రం నేను మా బావలోనే చూశాను.

పెళ్ళికి పిలిస్తే, ఆయన వెళ్ళేసరికి హాలు ఊడ్చేవాళ్ళు ఇంకా ఊడుస్తూ ఉంటారు. ఫోటోగ్రాఫరుకి లైట్లు సరిచూసుకోవడానికి ఎవరిదో ఒక మొహం కావాలి. ఆ వేళకి దొరికే మొహం మా బావదొక్కటే. అందుచేత మేమెరిగిన పెళ్ళి ఆల్బమ్‌లలో సగం మా బావ ఫోటోతోనే మొదలవుతాయి. పెళ్ళికూతురి వాళ్ళు ఆయన్ని పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషి అనుకుంటారు, పెళ్ళికొడుకు వాళ్ళు పెళ్ళికూతురి తరఫు అనుకుంటారు. మొత్తానికి ఎవరూ ఆ ఫోటో తీసెయ్యరు.

ఒకసారి మరీ ముందు వెళ్ళి, అదే హాల్లో అంతకుముందు జరుగుతున్న వేరేవాళ్ళ పార్టీలో కూర్చున్నాడు. భోజనం చేశాడు. ఎవరో పెద్దాయన ఉద్యోగ విరమణ అట, ఆయన గురించి నాలుగు మంచి మాటలు మాట్లాడమంటే మాట్లాడాడు కూడా. కొత్త దంపతుల కోసం తెచ్చిన గోడగడియారం ఆ పెద్దాయనకిచ్చేశాడు. మేం వెళ్ళేసరికి హాలు గుమ్మంలో నిలబడి, ఇంత ఆలస్యంగానా రావడం అని మమ్మల్ని కోప్పడ్డాడు.

ఇంతకీ ఆయన వృత్తి బట్టలు కుట్టడం. దర్జీ అన్నవాడు రేపు రండి అనాలి, ఎల్లుండి మళ్ళీ రేపు రండి అనాలి. జనం దానికి అలవాటు పడి ఉన్నారు. మా బావ మాత్రం చెప్పిన రోజు కంటే ముందే కుట్టి, ఇస్త్రీ చేసి, ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చేస్తాడు. కొత్తగా వచ్చినవాళ్ళు హడలిపోతారు. ఇంత తొందరగా ఇచ్చాడంటే ఇవి మన బట్టలు కావేమోనని తిరగేసి మరగేసి చూసుకుంటారు. బడి పిల్లల యూనిఫారాలు ఎంత ముందు కుడతాడంటే, బడి తెరిచేనాటికి పిల్లల కాళ్ళు పొడుగైపోతాయి. అది కూడా ఆయన ముందే ఊహించి మడతలో జానెడు గుడ్డ వదులుతాడు. "టైముకి కూడా అంతేనోయ్. లోపల కాస్త గుడ్డ వదులుకోవాలి. బిగించి కుడితే ఎక్కడో ఒకచోట పిగులుతుంది" అని నాకు చెబుతుంటాడు. పత్రికాఫీసులో పనిచేసే నాకు ఆ మాట అర్థమయ్యే అవకాశం లేదు. మా దగ్గర అన్నీ పిగిలాకే పూర్తవుతాయి.

ఏడేళ్ళ మా అమ్మాయి ఆయనకి పెట్టిన పేరు ముందు మామయ్య. ఆ పేరు ఇంట్లో ఉన్నంత కాలం బాగానే ఉంది. ఒకరోజు బడిలో టీచరు, సాయంత్రం నిన్ను తీసుకెళ్ళడానికి ఎవరొస్తారమ్మా అని అడిగితే, మా ముందు మామయ్య వస్తాడని చెప్పింది. టీచరుకి కొమ్ము వినబడలేదు. మందు మామయ్య అని విన్నారు. రోజూనా అని అడిగారట. రోజూ అంతే, పొద్దున్న లేవగానే మొదలుపెడతాడని మా అమ్మాయి గర్వంగా చెప్పింది.

మర్నాడు నన్ను పిలిపించారు. గది తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "ఆయన్ని డాక్టరుకి చూపించారా?" అన్నారు.

"డాక్టరు దగ్గరికి కూడా అంతేనండి. డాక్టరు కంటే ముందే మొదలైపోతుంది" అన్నాను.

"మరి మీ అక్కగారు ఎలా భరిస్తున్నారు?"

"ఆవిడ ఆయనంత కాదండి. కాస్త నెమ్మదిగా, వెనకాల వస్తుంది."

"ఆవిడ కూడానా" అని టీచరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశారు. ఆ తర్వాత చాలాసేపటికి గానీ ఆ కొమ్ము మా ఇద్దరికీ దొరకలేదు. దొరికాక ఆవిడ కిటికీలోంచి చూస్తే, ఇంకా మధ్యాహ్నం గంటయినా కొట్టకముందే, గేటు అవతల మా బావ నిలబడి ఉన్నాడు.

ఇక మా అక్క. మా అక్క ఒళ్ళున్న మనిషి. ఆ సంగతి తనే అందరికంటే ముందు చెప్పి నవ్వేస్తుంది. కొన్నేళ్ళ కిందట ఏదో విందులో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. లేచి నిలబడితే కుర్చీ కూడా ఆవిడతోపాటు లేచింది. ఇద్దరు పట్టుకుని లాగితే గానీ రాలేదు. హాలంతా నవ్వింది. "ఏం చేస్తాం, దానికి నా మీద మనసైంది" అని అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే ఇంటికొచ్చి, ఆ తర్వాత కొన్నాళ్ళు ఎవరు పిలిచినా మోకాలు నొప్పని చెప్పింది. మెల్లగా మళ్ళీ అన్నిచోట్లకీ రావడం మొదలుపెట్టింది గానీ, కూర్చోబోయే ముందు కుర్చీని ఒక్క క్షణం చూసుకోవడం మాత్రం పోలేదు.

ఇలా ఉండగా, ఊరి చివర కొత్తగా థీమ్ పార్కు తెరిచారు. అందులో అందరూ కొండరైలు అని పిలుచుకునేది ఒకటుంది. పెట్టెల్లో కూర్చుంటే ఇనప పట్టాల మీద నెమ్మదిగా ఎత్తుకి తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి ఒక్కసారిగా వదిలేస్తుంది. మా అమ్మాయి ఎక్కితే అత్త పక్కనే ఎక్కుతానని పట్టుబట్టింది. నేనున్నాను కదే అంటే, నువ్వు భయపడతావు నాన్నా అంది. అక్క సరేనని మాటిచ్చేసింది. ఇచ్చాక, పిల్ల అటు వెళ్ళగానే నన్ను పక్కకి పిలిచింది.

"ఒరేయ్, ఒళ్ళోకి ఇనప కడ్డీ ఏదో దిగుతుందటగా. అది టిక్కుమని పడకపోతే అందరి ముందూ దింపేస్తారటగా?"

దింపేస్తారు. ఆ మాట నేను చెప్పలేదు. కానీ ఆవిడ నా మొహం చూసి విషయం గ్రహించింది. చిన్నప్పుడు ఊళ్ళోకి రంగులరాట్నం వస్తే గుర్రం మీంచి దిగనని ఏడ్చిన మనిషి మా అక్క. ఎక్కాలని ఉంది, పిల్లకి మాటిచ్చింది, కడ్డీ ఏం చేస్తుందో తెలియదు. ఆ వారమంతా నవ్వడం కాస్త తగ్గించింది.

మా బావ మాత్రం ఆ వారమంతా థీమ్ పార్కుకి పెందలాడే వెళ్ళడం వల్ల కలిగే లాభాలు వివరిస్తూ గడిపాడు. ఎండ ఉండదు. సీట్లు చల్లగా ఉంటాయి. మరుగుదొడ్లు కడిగిన తడి ఆరకముందే వాడుకోవచ్చు. లైన్లుండవు. బండి నీడలో పెట్టుకోవచ్చు. మనం వెళ్ళేది బస్సులో కదా, మనకి బండెక్కడిది అంటే, అయినా నీడ ఉంటుంది కదా అన్నాడు. ఆ రోజుల్లోనే మా ఆదివారం అనుబంధానికి ఆ పార్కు గురించి ఒక వ్యాసం కావాలన్నారు. పొద్దుటిపూట అక్కడెలా ఉంటుందో చూసినట్టూ ఉంటుంది, మా బావ ముందు వెళ్ళి ఏం చేస్తాడో తెలిసినట్టూ ఉంటుందని నేనూ ఆయనతో బయల్దేరాను. అక్క, మా ఆవిడ, పిల్ల గేట్లు తెరిచే వేళకి వస్తామన్నారు.

మొదటి బస్సు కోసం మేం వెళ్ళేసరికి డ్రైవరు ఇంకా అందులోనే పడుకుని ఉన్నాడు. మా బావ కిటికీ తట్టి లేపాడు. ఆయన భుజాన ఒక గుడ్డసంచి, అందులోంచి తెల్లగా దిండు మూల ఒకటి బయటికి చూస్తోంది. నాకు అంతా అర్థమైపోయినట్టనిపించింది. ఈ మనిషి ఎక్కడికైనా ముందు వెళ్ళేది అక్కడ హాయిగా ఓ నిద్ర తియ్యడానికన్నమాట.

పార్కు గేటు దగ్గర కాపలా మనిషి, మేమూ తప్ప ఎవరూ లేరు. లోపలికి పంపనని అతను ముందే చెప్పేశాడు. మా బావ అతని చొక్కా భుజం దగ్గర కుట్టు విడిపోయి ఉండటం చూసి, జేబులోంచి సూదీ దారం తీసి, చొక్కా ఒంటి మీద ఉండగానే కుట్టేశాడు. దారం పళ్ళతో తెంపి, కొండరైలు నడిపే మెకానిక్‌తో ఒక్క మాట మాట్లాడాలన్నాడు. కాపలా మనిషి భుజం అటూ ఇటూ తిప్పి చూసుకుని, మెకానిక్‌ని పిలిచాడు. చేతులనిండా గ్రీజుతో వచ్చిన ఆ మనిషి చెవిలో మా బావ ఏదో చెప్పాడు. అతను తల ఊపి, ఇలా అడిగేవాళ్ళు ఉంటారండి, ఇందులో ఇబ్బందేముంది, రండి అని మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాడు.

జనం రాకముందు రోజూ ఖాళీ పెట్టెల్ని నాలుగైదుసార్లు తిప్పి చూస్తారట. అలా తిరిగొచ్చిన రైలు మా ముందు ఆగింది. మా బావ మెడలోంచి టేపు తీసి, మొదటి పెట్టెలో దిగి సీటు కొలవడం మొదలుపెట్టాడు. కొలిచి, టేపు మీద బొటనవేలి గోరుతో నొక్కి పట్టుకుని, రెండో పెట్టెకి వెళ్ళాడు.

"బావా, సీట్లకి గలేబులు కుడతావా ఏం?"

"నోరు మూసుకుని సంచి పట్టుకో."

"పోనీ ఎంతో చెప్పు."

"కొలత చేత్తో పట్టుకోవాలోయ్, నోటితో కాదు" అన్నాడు. అది ఆయన దుకాణంలో నియమం. ఎవరి నడుము ఎంతో పక్కవాళ్ళకి వినబడేలా ఇంతవరకూ చెప్పలేదు.

చివరి పెట్టెలో వెనక సీటు వెడల్పు ఎక్కువనీ, కడ్డీ కూడా కాస్త ఎత్తులోనే పడుతుందనీ మెకానిక్ చెప్పాడు. మాటతో సరిపోదు, వేసి చూడాలన్నాడు మా బావ. సంచిలోంచి దిండు తీశాడు. అది ఊరికే దిండు కాదు. అంచులకి నాడాలు కుట్టి ఉన్నాయి. దూది ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ, లెక్కగా కూరి ఉంది. దాన్ని నడుముకి చుట్టి ముడివేసుకుని, పైన చొక్కా కప్పుకున్నాడు. వెదురు బద్దలాంటి మా బావ ఒక్క నిమిషంలో నిండు మనిషై, కొండరైలు మొదటి పెట్టెలోకి ఒక కాలు, ఆ పైన రెండో కాలు, మూడోసారి పొట్ట పెట్టి దిగాడు. మెకానిక్ కడ్డీ దించాడు. పడలేదు. రెండో పెట్టెలో పడలేదు. మూడో దాంట్లో గట్టిగా ఊపిరి బిగపట్టాడు. ఊపిరి బిగపడితే ఒప్పుకోం అన్నాడు మెకానిక్.

చివరి పెట్టెలో వెనక సీటు. కడ్డీ దిగింది. టిక్కుమంది.

మా బావ మొహం చూడాల్సింది. కుట్టిన బట్ట మొదటిసారికే అతికినట్టు పడితే దర్జీకి వచ్చే నవ్వు ఒకటుంటుంది, అది వచ్చింది. ఆ దిండు నడుము ఎవరిదో ఇక నాకు చెప్పనక్కర్లేదు.

"అన్నిచోట్లకీ ముందు వెళ్ళేది ఇందుకా బావా?"

"కుర్చీ సంగతి అందరూ వచ్చాక చూస్తే ఏం లాభమోయ్?" అన్నాడు, దిండు నాడాలు విప్పుకుంటూ. పెళ్ళి హాళ్ళలో చేతుల్లేని కుర్చీ వెతికి, గోడవారగా వేసి, అక్క వచ్చేదాకా దాని మీద తనే కూర్చుంటాడట. డాక్టరు దగ్గర బల్ల చివర చోటు పడతాడట. సినిమాకైతే నడవ పక్క సీటు. "మీ అక్కకి తెలిస్తే చిన్నబుచ్చుకుంటుంది. నేనే తొందరపాటు మనిషినని అనుకోనీ."

"జనం నిన్ను చూసి నవ్వుకుంటున్నారు బావా."

"నవ్వుకోనీ. నాకు పట్టే కుర్చీలు బోలెడున్నాయి."

గేట్లు తెరిచారు. మావాళ్ళు అందరికంటే ముందు లోపలికొచ్చారు. కొండరైలు దగ్గర ఇంకా ఎవరూ లేరు. అక్క పిల్ల చెయ్యి పట్టుకుని, కడ్డీల వైపే చూస్తూ నడిచింది. మా బావ ఏమీ ఎరగనట్టు ఎదురెళ్ళి, చివరి పెట్టె ఎక్కండి, గాలి అక్కడే బాగా తగులుతుందన్నాడు.

"గాలి ముందు పెట్టెకి కదండీ తగిలేది" అంది అక్క.

"ముందు పెట్టెకి తగిలేది వేడిగాలి. వెనక్కొచ్చేసరికి చల్లారుతుంది."

అక్క ఆయన వంక ఒక్క క్షణం చూసింది. వెళ్ళి కూర్చుంది. మెకానిక్ కడ్డీ దించాడు. టిక్కుమంది. అక్క కడ్డీని ఒకసారి కదిపి చూసుకుంది. మరోసారి కదిపింది. అప్పుడు నవ్వింది చూడండి, అది హాలంతా నవ్వితే కలిసి నవ్విన నవ్వు కాదు, గుర్రం మీంచి దిగనన్న పిల్ల నవ్వు. రైలు తిరిగొచ్చేసరికి ఆవిడ జుట్టు నలువైపులా ఉంది, మా అమ్మాయికి గొంతు పోయింది. మా బావ మాత్రం ఎక్కలేదు. స్టూలెక్కితేనే కళ్ళు తిరిగే మనిషి. కింద నా పక్కన నిలబడి, అక్కవీ పిల్లవీ మా ఆవిడవీ మూడు జతల చెప్పులకి కాపలా ఉన్నాడు.

మళ్ళీ ఎక్కుదామంది పిల్ల. అప్పటికి జనం విరగబడుతున్నారు. లైను వంకర్లు తిరిగి టీ కొట్టు దాకా పోయింది. చాలు, ఎండెక్కింది, ఇంటికి పోదామన్నాడు మా బావ. ఆయన భయం నాకు తెలుసు. ఇంతమందిలో చివరి పెట్టె దొరుకుతుందని నమ్మకమేముంది?

"మీరు నీడలో కూర్చోండి. మేం లైన్లో నిలబడతాం" అని అక్క పిల్లని తీసుకుని వెళ్ళి, టీ కొట్టు దగ్గర, అందరి వెనకాల నిలబడింది. నేనూ తోడు వెళ్ళాను. లైను జరుగుతున్నంతసేపూ ఆవిడ హాయిగా కబుర్లు చెప్పింది. ఉన్నట్టుండి, "దిండు నీకు చూపించారా?" అంది.

నేను ఎటో చూశాను.

"దాని కొలత ఎక్కడిదనుకున్నావు? నేను నిద్రపోతున్నాననుకుని టేపు పెట్టి కొలిచారు. చక్కిలిగిలి ఆపుకోలేక చచ్చాను. ఒక్కసారి కాదురా, ఏడాదికోసారి. దూది మారుస్తుంటారు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"చెబితే మానేస్తారు. మానేస్తే పొద్దున్నే నా కాళ్ళకీ చేతులకీ అడ్డం పడుతూ ఇంట్లో ఉంటారు" అంది. అని, లైన్లో రెండడుగులు ముందుకు జరిగి, నీడలో కూర్చోకుండా తాడు అవతల ఎండలోనే నిలబడ్డ మా బావ వైపు చూసింది. "నాకోసం ఆయన మాటలు పడటం ఇక చాల్లేరా."

మా వంతు వచ్చేసరికి మెకానిక్ స్థానంలో వేరే మనిషి ఉన్నాడు. అతను మొదటి పెట్టె చూపించి, తొందరగా ఎక్కండమ్మా అన్నాడు. తాడు అవతల మా బావ చేతులు ఊపుతున్నాడు, కళ్ళతో సైగలు చేస్తున్నాడు, జనంలోంచి తోసుకు రావాలని చూస్తున్నాడు. వెనకాల లైనంతా మమ్మల్నే చూస్తోంది.

"ఇందులో నాకు కడ్డీ పడదు నాయనా" అంది అక్క, టీ కొట్టు దాకా వినబడే గొంతుతో. "చివరి పెట్టెలో వెనక సీటు నాకు సరిపోతుంది. అది చూపించు."

ఎవరూ నవ్వలేదు. ఆ మనిషి సరేనమ్మా అని చివరికి తీసుకెళ్ళాడు. మా వెనకాల భారీ మనిషి ఒకాయన, తన వంతు వచ్చినప్పుడల్లా వెనకవాళ్ళని ముందుకి పంపేస్తూ ఇందాకట్నుంచీ అక్కడే ఉండిపోయినవాడు, గొంతు సవరించుకుని అడిగాడు. "అమ్మా, అలాంటి సీటు ఇంకోటి ఉందా?"

"ఒక్కటేనండీ. నేను దిగగానే మీరెక్కండి. బాగా టిక్కుమంటుంది" అంది అక్క.

నేను వెళ్ళి మా బావ పక్కన నిలబడ్డాను. ఆయన దిండు సంచి గుండెకి ఆనించుకుని, "నువ్వు చెప్పావా?" అన్నాడు. లేదన్నాను. "అలా పైకి అనేసిందేమిటోయ్" అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు. రెండోసారి అన్నప్పుడు అది ఫిర్యాదులా లేదు.

రైలు పైకి పాకింది. చిట్టచివరికి చేరి ఒక్క క్షణం ఆగింది. పెట్టెల్లో అందరూ కడ్డీలు గట్టిగా పట్టుకున్నారు. మా అక్క రెండు చేతులూ గాల్లోకి ఎత్తింది. కింద మా బావ సంచి నా చేతిలో పెట్టి, రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళ మధ్య మాత్రం కాస్త సందు వదిలాడు.